దారం పరీక్ష

షెడ్డు గేటు దగ్గర సూపర్‌వైజరు రోజూ
చేతులు బోర్లించమంటాడు.
గోళ్ళు చూస్తాడు, మొహం చూడడు.
కొసన తెల్లగీత కనబడితే పక్కన నిలబెడతాడు,
ఆ పూట కూలి ఆ గీత మింగేస్తుంది.

అందుకని మొదట్లో చిగురుదాకా కోసేసేదాన్ని,
బ్లేడుతో, కోపంతో.
ఐసు నీళ్ళు, క్లోరిన్, రొయ్య తలకాయ ముల్లు.
గ్లౌజు చిరిగిన వేలు చిరిగినట్టే నానేది.
నెల తిరక్కుండా కుడి బొటనవేలికి గోరుచుట్టు.
దాని మీద రోకటిపోటంటారే,
నాకు రోకలి అక్కర్లేదు,
సాయంత్రం లేసు అల్లే కొక్కెం పట్టుకుంటే చాలు.

మా సువార్తమ్మ పిన్ని
నరసాపురం కాలవగట్టు మీద
అరవై ఏళ్ళుగా తెల్లదారాన్ని పువ్వులు చేస్తోంది.
ఇప్పుడు చూపు ఆనదు.
నేనల్లిన బల్లగుడ్డ తడిమి
"ఇక్కడ పోగు లేచింది" అంది.
ఇంకోచోట తడిమి "ఇక్కడా" అంది.
గుడ్డ వదిలేసి నా చెయ్యి పట్టుకుంది.
"తప్పు అల్లికది కాదే, గోటిది."

ఆ రాత్రే మొదలైంది.

గోరువెచ్చని నీళ్ళు పెట్టమంది.
ఆ మాటలోనే గోరుంది చూడు,
వేడెంతో తెలియడానికి ముందు ముంచేది దాన్నే కదా.
పిండేసిన నిమ్మచెక్కతో ఒక్కసారి రుద్ది కడిగెయ్యి,
రోజూ రుద్దావంటే పెళుసెక్కిపోతాయి.
తుడుచుకో, వేలు వేలూ విడిగా,
పసిపిల్లకి నీళ్ళు పోశాక
మడతల్లో తడి ఒత్తినట్టు.

తరవాత కొబ్బరినూనె.
చలికాలం పొద్దున పేరుకుపోయి సీసా దిగనంటుంది,
అరచేతిలో కరిగించి
గోరు పుట్టేచోట రాయాలి, కొసన కాదు.
"మొక్కకి నీళ్ళు ఆకుల మీద పోస్తావా?"
ఆ అంచు చర్మం కొరకొద్దంది, కొయ్యొద్దంది,
అది గోటికి గడపంట,
గడప తవ్వుకునే వాళ్ళుంటారా అంట.
పిన్నికి కోప్పడ్డమే కాలక్షేపం.

పాలకొల్లు సంతలో నెయిల్ కట్టర్ కొన్నాను, ఇరవై రూపాయలు.
దాని ఆకురాయి వారానికే నున్నబడింది.
పిన్ని అగ్గిపెట్టె తెమ్మంది.
కరెంటు పోతుందేమో, దీపానికనుకున్నాను.
పుల్ల గీసే పక్కకి నా గోరు ఆనించి
ఒకే వైపుకి, మెల్లగా, ఒకే వైపుకి.
అటూ ఇటూ రంపం ఆడించొద్దంది.
గదంతా వెలగని నిప్పు వాసన.

చివర పరీక్ష.
సన్నదారం పోగొకటి
పది గోళ్ళ మీదుగా లాగుతుంది,
ఏదో వింటున్నట్టు తల వంచి.
ఎక్కడ ఆగితే అక్కడ మళ్ళీ అగ్గిపెట్టె.

ఆషాఢంలో పక్కింటి మంగతాయారు గోరింటాకు పంపింది.
సూపర్‌వైజరు రంగేమోనని గీకి చూశాడు,
రాలితేగా, లోపలికి ఇంకింది.
అరచేతిది పదిరోజుల్లో వెలిసింది.
గోళ్ళది వెలవలేదు, జరిగింది.
అడుగున కొత్తగా తెల్లటి నెలవంక,
పైన ఎర్రటి పొద్దు, వారం వారం కొస వైపుకి.
పొద్దున షెడ్డూ రాత్రి అల్లికా
నేనెక్కడికీ కదిలింది లేదు గాని
నా చేతుల్లో ఒకటి నడుస్తూనే ఉంది.

చిన్నప్పుడు వరిచేల మీద కొంగలబారు పోతుంటే
గోళ్ళూ గోళ్ళూ రాసి మచ్చలిమ్మని అడిగేవాళ్ళం.
తెల్లమచ్చకొక కొత్త గౌను లెక్క.
ఆ చేలన్నీ ఇప్పుడు చెరువులు.
కొంగలు వస్తూనే ఉన్నాయి, రొయ్యల కోసం,
నాలాగే.

క్రిస్మస్ నక్షత్రం కట్టిన రాత్రి
ఆఖరి ఎర్రముక్క కత్తిరించాను.
దీపాలు పెట్టాక గోళ్ళు తియ్యకూడదంటారు,
పిన్ని ఊరుకుంది.
దారం లాగింది.
పది గోళ్ళ మీదా ఎక్కడా ఆగలేదు.
బాగుందనలేదు.
"ఏదీ, నాది చూడు" అని చెయ్యి చాపింది.

నాలుగు గోళ్ళ మీద జారిపోయింది పోగు.
చూపుడువేలి గోటి మీద మాత్రం
ఆగలేదు, దిగింది,
ఏళ్ళ తరబడి దారం కోసిన సన్నగాడిలోకి
పాత కాలవ తెలిసిన పడవలా.

అగ్గిపెట్టె అందుకోబోతే చెయ్యి లాక్కుంది.
"దాన్ని సాపు చెయ్యకే.
కాస్త నూనె రాసి ఊరుకో."